ఐదో గడి

నా మంచం పక్కన గూట్లో పదకొండు నోటుపుస్తకాలున్నాయి. కథలో కవితలో రాసుకున్నవి కావు. ప్రతి పేజీలోనూ ఐదు నిలువు గడులు. తేదీ, ఐ.ఎన్.ఆర్., మాత్ర ఎంత, మళ్ళీ పరీక్ష ఎప్పుడు - ఈ నాలుగూ ఆస్పత్రివాళ్ళు అచ్చువేసి ఇచ్చిన చిన్న పుస్తకంలో ఉన్నవే. ఐదో గడి నేను స్కేలు పెట్టి గీసుకున్నది. దానికి పైన పేరు రాయలేదు. ఆ పుస్తకాన్ని మా మామగారు కూడా తిరగేసేవారు. అందుకని.

ఆ గడిలో నెలకి కొన్ని రోజులు చుక్కలుంటాయి. ఎక్కువ పోయిన రోజు రెండు చుక్కలు. మరీ ఎక్కువైతే మూడు. చుక్కలంటే ఏమిటో నాకు తప్ప ఎవరికీ తెలియదు.

స్త్రీ శరీరం గురించి నేను చాలా సదస్సుల్లో మాట్లాడాను. బహిష్టు మీద వచ్చిన కవిత్వాన్ని మగపిల్లలూ ఆడపిల్లలూ కలిసి కూర్చున్న క్లాసులో పాఠంగా చెప్పాను. స్త్రీశక్తి సంఘటన తెచ్చిన 'సవాలక్ష సందేహాలు' ప్రతులు కొని తోటి లెక్చరర్లకి పంచాను. అటువంటి నేను, ప్రాణం మీదికొచ్చే జబ్బుతో ఉండి, మూడేళ్ళపాటు నా గుండె డాక్టరుకి నా బహిష్టు గురించి ఒక్క మాట చెప్పలేకపోయాను. ఆయన అడగనూ లేదు. ఆ మూడేళ్ళ సంగతి ఇంతకాలానికి రాయగలుగుతున్నాను.

*

చిన్నప్పుడు నాకు గొంతునొప్పి, ఆ వెనక జ్వరం, మోకాళ్ళూ మణికట్లూ వాచిపోవడం వచ్చాయి. ఇవాళ మోకాలు, రేపు మోచెయ్యి. "ఎదిగే పిల్ల, కాళ్ళు పీకుతాయి మరి" అన్నారు పెద్దవాళ్ళు. నువ్వులనూనె రాశారు. అది రుమాటిక్ జ్వరమని, గొంతులో చేరిన ఒక రకం సూక్ష్మజీవి మీద శరీరం చేసే యుద్ధం చివరికి గుండె కవాటాల మీదికి తిరుగుతుందని, సకాలంలో పెన్సిలిన్ ఇచ్చి, ఆ తర్వాత మూడు నాలుగు వారాలకొకసారి ఏళ్ళ తరబడి ఆ ఇంజెక్షన్ ఇస్తూంటే గుండెని కాపాడుకునే వీలుంటుందని చాలా ఆలస్యంగా తెలిసింది. మెట్లెక్కితే ఆయాసం వస్తోందంటే పెళ్ళయిన కొత్తలో అందరూ నవ్వారు. 1996లో, నాకు ఇరవై తొమ్మిదేళ్ళప్పుడు, హైదరాబాదులో మైట్రల్ కవాటం తీసేసి లోహపు కవాటం వేశారు.

కవాటాలు రెండు రకాలు. లోహంతో చేసినవి ఏళ్ళ తరబడి మన్నుతాయి గానీ వాటిమీద రక్తం గడ్డకట్టకుండా బతికినంతకాలం మాత్ర వేసుకోవాలి. జంతువుల కణజాలంతో చేసినవాటికి సాధారణంగా ఆ మాత్ర జీవితాంతం అక్కర్లేదు. కానీ వయసులో ఉన్నవాళ్ళలో అవి త్వరగా పాడవుతాయి, మళ్ళీ ఆపరేషన్ తప్పదు. పిల్లల్ని కనాలనుకునే స్త్రీకి ఈ తేడా చిన్నది కాదు. గర్భం తొలి నెలల్లో, ముఖ్యంగా ఆరో వారం నుంచి పన్నెండో వారం దాకా ఈ మాత్ర బిడ్డ ముక్కు ఎముకల్నీ ఇతర ఎముకల్నీ దెబ్బతీయవచ్చు. మాత్ర మార్చి హెపారిన్ ఇంజెక్షన్లు పెడితే బిడ్డకి నయమే గానీ తల్లి కవాటం మీద గడ్డ కట్టే ప్రమాదం పెరుగుతుంది. ఏ దారిలో వెళ్ళినా ఎవరో ఒకరికి ముప్పు. అందుకే గర్భం నిలవకముందే డాక్టర్లతో కూర్చుని మాట్లాడుకోవాలి.

ఇదంతా నాకు ఆపరేషన్ అయ్యాక తెలిసింది. ఏ కవాటం వేయాలో నన్నెవరూ అడగలేదు. కాగితం మీద మావారు సంతకం పెట్టారు. ఆయన చెడ్డవాడు కాదు. ఆయన్నీ ఎవరూ అడగలేదు. సంతకం ఎక్కడ పెట్టాలో మాత్రం చూపించారు. నేను పక్కనే మంచం మీద మెలకువగానే ఉన్నాను, ఎమ్మే చదివి పాఠాలు చెప్పుకునే మనిషిని.

*

'రక్తం పలచబడే మాత్రలు' అంటారు వీటిని. ఆ మాటే మా ఇంట్లో మొదటి గొడవ తెచ్చింది. నిజానికి ఈ మాత్ర రక్తాన్ని పలచన చెయ్యదు. రక్తం గడ్డకట్టడానికి కావలసిన కొన్ని పదార్థాల్ని మన కాలేయం విటమిన్ కె సాయంతో తయారుచేస్తుంది. మాత్ర ఆ సాయానికి అడ్డుపడుతుంది. రక్తం చిక్కదనం అంతే ఉంటుంది, గడ్డకట్టడానికి పట్టే సమయం పెరుగుతుంది. కానీ మా అమ్మకి పలచన అంటే పాలల్లో నీళ్ళు కలిసినట్టే. రక్తం పలచబడితే నీరసం, నీరసానికి మందు ఆకుకూర. ఆపరేషనైన మరుసటి ఆషాఢంలో మా ఊరెళితే అమ్మ నెలరోజులూ మునగాకు పప్పు, మునగాకు కారప్పొడి, తోటకూర పులుసు పెట్టింది. ప్రేమగా, దగ్గర కూర్చుని. ముదురాకుపచ్చ కూరల్లో విటమిన్ కె దండిగా ఉంటుంది. నెలాఖరున పరీక్ష చేయిస్తే ఐ.ఎన్.ఆర్. 1.6కి పడిపోయింది.

ఐ.ఎన్.ఆర్. అంటే రక్తం గడ్డకట్టే సమయాన్ని ఏ ఊళ్ళో ఏ ల్యాబులో చూసినా పోల్చుకోవడానికి వీలుగా లెక్కగట్టే సంఖ్య. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1983లో దీన్ని ప్రమాణంగా తీసుకుంది. మందు వేసుకోనివాళ్ళకి ఒకటి దగ్గర ఉంటుంది. మైట్రల్ స్థానంలో లోహపు కవాటం ఉన్న నాబోటివాళ్ళకి సాధారణంగా 2.5కీ 3.5కీ మధ్య ఉండాలంటారు. తగ్గితే కవాటం మీద గడ్డ, ఆ గడ్డ కదిలి మెదడుకి పోతే పక్షవాతం. బాగా పెరిగితే లోపలో బయటో రక్తస్రావం. ఆ సన్నటి గట్టు మీద రోజూ నడవాలి.

"అయితే ఆకుకూరలు మానెయ్యాలా?" అని చాలామంది అడుగుతారు. మానక్కర్లేదు. తినేదేదో వారం వారం ఇంచుమించు ఒకే మోతాదులో తినాలి, దానికి సరిపడా మాత్రని డాక్టరు సర్దుతారు. వినడానికి ఎంత తేలిక! కానీ ఎవరి ఇంట్లో ఆడమనిషి ఏం తినాలో తనే నిర్ణయించుకుంటుంది? అందరూ తిన్నాక గిన్నెలో ఏది మిగిలితే అది తినే మనిషికి 'ఒకే మోతాదు' ఎక్కడిది? గోంగూర ఎక్కువ మిగిలిన పూట గోంగూర, ఏమీ మిగలని పూట మజ్జిగా మెతుకులూ. కార్తీకమాసం సోమవారాలు మా అత్తయ్య ఉపవాసం ఉండమంటే ఉన్నాను. తిండి తగ్గితే మాత్ర జోరు పెరుగుతుంది. ఆ నెల పళ్ళు తోముకుంటే నురుగంతా ఎర్రగా వచ్చింది, ఐ.ఎన్.ఆర్. 4.6. 'ఆహారంలో మార్పులు చేయకండి' అని చీటీ మీద రాసి ఇచ్చినాయనకి, మా ఆహారం మా చేతుల్లో ఉండదన్న సంగతి తోచి ఉండదు.

ఈ మందు పుట్టుక కూడా విచిత్రమే. 1930ల్లో అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో పాడైన గడ్డి మేసిన పశువులు రక్తస్రావంతో చచ్చిపోతూంటే, కార్ల్ లింక్ అనే శాస్త్రవేత్త బృందం అందుకు కారణమైన పదార్థాన్ని కనిపెట్టింది. ఆ వరసలో తయారైన వార్ఫరిన్‌ని 1948లో ఎలకల మందుగా అమ్మారు. 1954 నుంచి మనుషులకి వైద్యంలో వాడుతున్నారు. నేను వేసుకునే అసినోకౌమరాల్ దానికి దగ్గరి చుట్టం. మా మరిది ఎక్కడో ఇది చదివి "వదినకి ఎలకల మందు పెడుతున్నాం" అని నవ్వేవాడు. నేనూ నవ్వేదాన్ని. మోతాదుని బట్టే మందూ విషమూ అన్న సంగతి మాత్రం ఆ హాస్యంలో నిజమే.

*

ఇక బహిష్టు సంగతి.

ఆపరేషన్‌కి ముందు నాకు నాలుగు రోజులు అయ్యేది. మాత్ర మొదలుపెట్టాక ఏడు రోజులు, తొమ్మిది రోజులు. గడ్డలు గడ్డలుగా. కాలేజీలో వరసగా మూడు క్లాసులుంటే మూడో క్లాసు చివర కుర్చీలోంచి లేవడానికి భయం. ముదురు రంగు చీరలు తప్ప కట్టడం మానేశాను. రాత్రిళ్ళు రెండుసార్లు లేచి బట్టలు ఉతుక్కునేదాన్ని, ఎవరూ చూడకుండా.

నెలకొకసారి ఆస్పత్రికి వెళ్ళినప్పుడు డాక్టరుగారు అడిగే ప్రశ్నలు నాకు కంఠతా వచ్చు. చిగుళ్ళ నుంచి రక్తం వస్తోందా? ముక్కు నుంచి? మూత్రం ఎర్రగా వస్తోందా? విరోచనం నల్లగా అవుతోందా? ఒంటిమీద కమిలిన మచ్చలున్నాయా? "లేదండీ" అనేదాన్ని. అబద్ధం కాదు. ఆయన అడిగిన చోట్లన్నిటి నుంచీ రావడం లేదు. పక్కన మామగారో మావారో నిలబడి ఉండేవారు. బయట అరవైమంది వరసలో. నాకు దొరికేది రెండు నిమిషాలు. ఆ రెండు నిమిషాల్లో మామగారి ముందు ఆ మాట ఎలా ఎత్తను? అదొక రక్తస్రావమని నాకే తోచలేదేమో. బహిష్టుని రక్తం కింద లెక్కవేయడం మనకెవరు నేర్పారు? అది మైల. అంటు. ఆస్పత్రిలో అడిగే రక్తం వేరు, ఇది వేరు.

పుట్టింటికి వెళ్ళినప్పుడు అమ్మ చూసింది. నా మొహం పాలిపోయి ఉండటం, బాత్రూములో అంతసేపు ఉండటం. "ఆ మాయదారి మాత్ర వల్లేనే ఇదంతా. ఆ నాలుగు రోజులూ మానెయ్యి. తలంటుకున్నాక మళ్ళీ వేసుకుందువుగాని" అంది. సబబుగానే తోచింది. నెలనెలా మానేశాను. రక్తం కాస్త తగ్గినట్టే ఉండేది. పరీక్షకి ఎప్పుడూ తలంటుకున్న తర్వాతే వెళ్ళేదాన్ని, బహిష్టు రోజుల్లో అంతదూరం బస్సులో కూర్చోలేక. అప్పటికి మాత్ర మళ్ళీ మొదలుపెట్టి పది, పన్నెండు రోజులు. ఐ.ఎన్.ఆర్. చక్కగా 2.8, 2.6. "వెరీగుడ్, బాగా మెయిన్‌టెయిన్ చేస్తున్నారు" అనేవారు డాక్టరుగారు.

నేను వేసుకునే మాత్ర ఆపితే రెండు మూడు రోజుల్లోనే దాని ప్రభావం పోతుంది. అంటే నెలనెలా కొన్ని రోజులు నా కవాటానికి ఏ కాపలా లేదు. ఆ సంగతి పుస్తకంలో నాలుగు గడుల్లో ఎక్కడా కనిపించదు. ఎనిమిది నెలలపాటు నా పుస్తకం అంత ముద్దొచ్చేలా ఉంది.

లోహపు కవాటం ఉన్నవాళ్ళకి రాత్రి నిశ్శబ్దంలో దాని చప్పుడు వినిపిస్తుంది. సన్నగా, గడియారంలాగా. మా అక్క కూతురు చిన్నప్పుడు నా గుండెమీద చెవి పెట్టి "పిన్నీ, నీ వాచీ ఆడుతోంది" అనేది. 1999 వానాకాలంలో ఒక రాత్రి ఆయాసంతో లేచి కూర్చున్నాను. పడుకుంటే ఊపిరి అందటం లేదు. అప్పుడు గమనించాను, చప్పుడు వినిపించడం లేదు. గది అంతా నిశ్శబ్దం. అంత భయం నేనెన్నడూ ఎరగను.

తెల్లారేసరికి హైదరాబాదు. కవాటం మీద గడ్డ కట్టి ఒక రెక్క కదలటం లేదన్నారు. గడ్డ కరిగే మందు సెలైన్‌లోంచి ఎక్కించారు. కరిగింది. అందరికీ కరగదు, కొందరికి మళ్ళీ గుండె కోయాలి, కొందరికి ఆ వ్యవధి కూడా ఉండదు. హిమోగ్లోబిన్ చూస్తే 6.4. "ఇంత రక్తం ఎక్కడికి పోయింది?" అని పెద్ద డాక్టర్లు మలపరీక్ష చేయించారు, కడుపులో పుండుందేమోనని చూశారు. మూడోరోజు రాత్రి డ్యూటీలో ఉన్న చిన్న డాక్టరమ్మ, పీజీ చదువుకుంటున్న పిల్ల, మంచం పక్కన స్టూలు లాక్కుని కూర్చుంది. మావారిని కాఫీ తెమ్మని కిందికి పంపింది. "అమ్మా, మీకు నెలసరి ఎలా ఉంటోంది?" అంది.

మూడేళ్ళలో మొదటిసారి ఎవరో ఆ ప్రశ్న అడిగారు. నాకు ఏడుపొచ్చింది. అంతా చెప్పేశాను. మాత్ర మానేయడం కూడా. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. "రక్తం ఎక్కువ పోతూంటే దానికి వైద్యం ఉంది. గుండె మాత్రకి, దానికి ముడిపెట్టి మీరే ఏదో ఒకటి ఆపుకోకూడదు. రెండూ ఇద్దరు డాక్టర్లకీ చెప్పాలి" అంది. డిశ్చార్జి అయి ఇంటికొచ్చిన రోజే స్కేలు పెట్టి ఐదో గడి గీశాను.

*

ఆ తర్వాత నేర్చుకున్నవి కొన్ని ఇక్కడ చెప్పాలి. వీటిని ఎవరి డాక్టరుతో వాళ్ళు సరిచూసుకోవాలి. కానీ అడగడానికైనా ముందు తెలియాలి కదా.

మాత్ర రోజూ ఒకే వేళకి, సాయంత్రం. పగలు పరీక్ష ఫలితం వస్తే ఆ పూటే మోతాదు మార్చుకునే వీలుంటుంది. ఒకరోజు మరిచిపోతే ఆ రాత్రి లోపల గుర్తొస్తే వేసుకోవచ్చు, మర్నాటికి గానీ గుర్తురాకపోతే రెండు కలిపి వేసుకోకూడదు, పుస్తకంలో రాసి డాక్టరుకి చెప్పాలి. ఇవి ఒక మిల్లీగ్రాము నుంచి నాలుగు మిల్లీగ్రాముల దాకా రకరకాల బలాల్లో వస్తాయి. మందుల షాపులో ఒకటి బదులు నాలుగు ఇస్తే ఎంత ప్రమాదమో చెప్పక్కర్లేదు. చదువురాని స్త్రీలు అట్ట రంగుని బట్టి గుర్తుపెట్టుకుంటారు, కంపెనీ మారితే రంగు మారుతుంది. అందుకని పాత అట్ట దాచుకుని, కొత్తది కొనేటప్పుడు పక్కన పెట్టి చూపించి అడగాలి.

మనం 'ఆడవాళ్ళ సమస్యలు' అని గుసగుసగా చెప్పుకునేవాటికి వాడే మందుల్లోనే ఈ మాత్రతో పడనివి ఎక్కువున్నాయి. ఇది తెలిసినప్పుడు నివ్వెరపోయాను. బహిష్టు నొప్పికి అడక్కుండానే షాపులో ఇచ్చే మెఫెనమిక్ యాసిడ్ మాత్ర రక్తస్రావం ముప్పుని పెంచుతుంది. డైక్లోఫినాక్, ఐబూప్రొఫెన్ కూడా అంతే. తెల్లబట్టకి ఇచ్చే మెట్రోనిడజోల్, ఫ్లూకోనజోల్ రెండూ ఐ.ఎన్.ఆర్.ని బాగా పెంచేస్తాయి. లోపల పెట్టుకునే మైకోనజోల్ మాత్ర కూడా పెంచుతుంది. గుండె డాక్టరుకి తెల్లబట్ట గురించి చెప్పం. ఆడవాళ్ళ డాక్టరుకి గుండె మాత్ర సంగతి చెప్పడం మరిచిపోతాం. మన సిగ్గు ఆ ఇద్దరి మధ్యా గోడలా నిలబడుతుంది. ఆ గోడకి అటొకటి ఇటొకటి రెండు మందులు ఒకే ఒంట్లోకి వెళ్తాయి. ఏ కొత్త మందు మొదలుపెట్టినా, ఆపినా, ఆ వారంలోనే ఐ.ఎన్.ఆర్. చూపించుకోవాలి. జ్వరమొస్తే ఆర్.ఎం.పి. డాక్టరు తుంటికి వేసే సూది కూడా వద్దు, కండలో రక్తం చేరుతుంది.

నాకు ఇనుము మాత్రలు ఇచ్చారు. కొన్నేళ్ళ తర్వాత గర్భసంచిలో హార్మోను సాధనం పెట్టారు. రక్తం సగానికి పైగా తగ్గింది. మామూలుగా బహిష్టు తగ్గడానికి ఇచ్చే ఈస్ట్రోజెన్ కలిసిన మాత్రలు గడ్డకట్టే ముప్పుని పెంచుతాయి కాబట్టి నాబోటివాళ్ళకి తగవన్నారు. పిల్లలు వద్దనుకున్నాం. 'అనుకున్నాం' అని బహువచనంలో రాస్తున్నాను గానీ, ఆ ఇంట్లో ఆ మాట అనడానికి నాకు రెండేళ్ళు పట్టింది. "కవాటాలున్న వాళ్ళు కనడం లేదా?" అన్నారు అత్తయ్య. కంటున్నారు. సరైన చోట, సరైన కాపలాతో కన్నవాళ్ళున్నారు. నేను ఆ భయాన్ని మోయలేకపోయాను. అంతే.

*

ఐదో గడి బహిష్టుకే కాదని నాకు నేర్పిన మనిషి ఇంకొకామె.

ఆరోగ్యశ్రీ 2007లో వచ్చాక పల్లెటూళ్ళ నుంచి, కూలినాలి చేసుకునే ఇళ్ళ నుంచి ఆడవాళ్ళు కవాటం ఆపరేషన్లకి రావడం ఎక్కువగా చూశాను. 2008లో పరీక్ష దగ్గర బెంచీ మీద నా పక్కన పాతికేళ్ళ అమ్మాయి కూర్చుంది. జాకెట్టు చేతుల కింద నల్లగా కమిలి ఉంది. నేను చూడటం చూసి పైట లాక్కుని "మాత్రల వల్లేనంట అక్కా, చెయ్యి తగిల్తే చాలు కములుద్ది" అంది. నిజమే, కములుతుంది. నాకూ కములుతుంది. ఆమె చీటీ నాకిచ్చి ఎంతుందో చదవమంది. 1.4.

ఆ సంఖ్యకి అలా కమలదు. పైగా ఆ మచ్చలు గుండ్రంగా, పక్కపక్కన నాలుగు ఉన్నాయి. వేళ్ళంత.

నాకు అర్థమైంది. నోరు పెగల్లేదు. గృహహింస చట్టం 2005లో వచ్చింది, 2006 అక్టోబరు నుంచి అమల్లో ఉంది, దానిమీద మా కాలేజీలో మీటింగు పెట్టి నేనే మాట్లాడాను. అయినా బెంచీ మీద పక్కన కూర్చున్న మనిషిని "ఎవరు కొట్టారమ్మా?" అని అడగలేకపోయాను. నన్ను అడగని డాక్టర్లని అన్నేళ్ళు నిందించాను కదా. నేనూ చిగుళ్ళ గురించే అడిగాను. ముక్కు నుంచి రక్తం వస్తోందా అన్నాను. "లేదక్కా" అంది, నేను ఒకప్పుడు అన్నట్టే.

ఆ నెలంతా నిద్రపట్టలేదు. ఈ మాత్ర మీద ఉన్న మనిషి తలకి దెబ్బ తగిలితే పైన చుక్క రక్తం కనిపించకపోయినా లోపల ఊరుతూ ఉండొచ్చు. గంటల తర్వాత, ఒక్కొక్కప్పుడు రోజుల తర్వాత తలనొప్పి, వాంతులు, మత్తు. అందుకే తలకి దెబ్బ తగిలితే బాగానే ఉన్నా ఆస్పత్రికి వెళ్ళాలంటారు. 'కింద పడకండి, దెబ్బలు తగలనివ్వకండి' అని ఆస్పత్రి చీటీలో ఉంటుంది. కొట్టించుకోకండి అని ఎక్కడా ఉండదు. మామూలు ఇంట్లో ఒక చెంపదెబ్బ అనుకునేది ఇక్కడ హత్య కావచ్చు. కొట్టేవాడికి ఆ సంగతి చెప్పినవాళ్ళు లేరు. మచ్చలకి మాత్రం మాత్ర సాకుగా దొరికింది.

మరుసటి నెల అదే వారం, అదే బెంచీ దగ్గర ఆమె కోసం కూర్చున్నాను. వచ్చింది. నా పుస్తకం తెరిచి ఐదో గడి చూపించాను. చుక్కలంటే ఏమిటో మొదటిసారి పైకి చెప్పాను. ఆమె పుస్తకంలోనూ గీత గీసిచ్చాను. "నాకు రాయటం రాదక్కా" అంది. చుక్క పెట్టమన్నాను. "బయట చేరిన రోజుకేనా?" అంది. "మాత్ర వేసుకోని రోజుకి సున్నా. దెబ్బ తగిలిన రోజుకి అడ్డగీత. ఎట్లా తగిలిందో నువ్వు చెప్పాలనుకుంటే చెప్పు" అన్నాను. చాలాసేపు ఊరుకుంది. తర్వాత, మాత్రలు అయిపోతే కొనడానికి డబ్బు అడిగినప్పుడే గొడవ మొదలవుతుందని, అందుకే నెలాఖరు వారం వేసుకోవడం మానేస్తోందని చెప్పింది. 1.4 ఎందుకో అప్పుడు తెలిసింది.

ఆ రోజు లోపలున్న డాక్టరుకి ఆమె ఒప్పుకున్నాకే చెప్పాను. ఆయన వినలేదని అనను, విన్నారు. మాత్రలు ఆస్పత్రి నుంచే రెండు నెలలకి సరిపడా ఇప్పించారు. భర్తని పిలిచి, తలకి దెబ్బ తగిలితే ఏమవుతుందో చెప్పారు. మా మిత్రురాలైన ఒక లాయరు ఫోన్ నంబరు నేనిచ్చాను. ఆమె ఫోన్ చేసిందో లేదో తెలియదు. ఆ తర్వాత నాలుగు నెలలు కనిపించింది. పుస్తకంలో చుక్కలున్నాయి, మూడు అడ్డగీతలున్నాయి. ఐదో నెల నుంచి రాలేదు. వాళ్ళ ఊరికి దగ్గర్లో పరీక్ష చేయించుకుంటోందని అనుకుంటూ ఉంటాను.

*

ఇప్పుడు రక్తం గడ్డకట్టకుండా ఆపే కొత్త మందులొచ్చాయి. వాటికి ఐ.ఎన్.ఆర్. పరీక్షలక్కర్లేదు, ఆకుకూరల గొడవ లేదు. "ఇంకా ఆ పాత మాత్రేనా?" అని అమెరికా నుంచి వచ్చిన చుట్టాలు అడుగుతూంటారు. కానీ లోహపు కవాటం ఉన్నవాళ్ళకి అవి పనికిరావు. డాబిగాట్రాన్ ఇచ్చి చూసిన అధ్యయనంలో గడ్డలూ రక్తస్రావాలూ కూడా పెరిగాయని 2013లో తేలింది. రుమాటిక్ గుండెజబ్బుతో గుండె లయ తప్పినవాళ్ళకి రివరోక్సబాన్ కంటే పాత మాత్రే మేలని 2022లో ఇంకొక అధ్యయనం చెప్పింది. అందులో పాల్గొన్నవాళ్ళలో ఎక్కువమంది స్త్రీలే. గొంతునొప్పికి సకాలంలో వైద్యం అందని పేద దేశాల స్త్రీలు. కాబట్టి మనకి ఈ మాత్ర, ఈ పుస్తకం, ఈ గడులు ఇంకా చాలాకాలం ఉంటాయి.

2016లో నా బహిష్టు ఆగిపోయింది. ఐదో గడిలో చుక్కలు ఆగాయి. గీత గీయడం మాత్రం మానలేదు. కొత్త మందు పేరు, తిండి సరిగా తినని రోజు, జారిపడ్డ రోజు అన్నీ అందులోకే వెళతాయి. ఇప్పుడు దానికి పైన పేరు కూడా రాస్తున్నాను, పెద్ద అక్షరాలతో: 'రక్తం'. మామగారు పోయి పదేళ్ళయింది. ఉన్నా రాసేదాన్నే అనుకుంటాను.

ఆస్పత్రిలో ఈ గడిని అచ్చులోనే వేయమని రెండుసార్లు అర్జీ పెట్టాను. పేజీలో చోటు లేదన్నారు. పోయినసారి వెళ్ళినప్పుడు నా పాత పుస్తకం ఒకటి తీసుకెళ్ళి బల్ల మీద పెట్టాను. అదే సైజు పేజీ, ఐదు గడులు. పరీక్ష దగ్గర కూర్చునే నర్సు దాన్ని తిరగేసి, చుక్కల దగ్గర ఆగి, "ఇవేమిటి మేడమ్?" అంది. చెప్పాను. వెనక వరసలో మగవాళ్ళు కూడా ఉన్నారు. గొంతు తగ్గించలేదు.